అడిగితేనే చెప్పాలి

జూన్ 3

ముందుగా క్షమించమని అడుగుతున్నాను. నా రాత కోడి కాళ్ళకి సిరా పూసి వదిలినట్టుంటుంది. ఒత్తులు ఎక్కడ పెట్టాలో, దీర్ఘాలు ఎక్కడ తీయాలో ఐదో తరగతితోనే వదిలేశాను. తప్పులుంటే సర్దుకోవాలి. ఎవరు సర్దుకోవాలో నాకే తెలియదు. ఇది చదివేవాళ్ళెవరూ లేరు. ఉండకూడదనే రాస్తున్నాను. అయినా కాగితం ముందు కూర్చుంటే ఎదురుగా ఎవరో ఉన్నట్టే సిగ్గేస్తోంది.

మా ఆవిడ అమ్మాయి దగ్గరికి వెళ్ళింది. అమ్మాయికి తొలి కాన్పు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఇంట్లో మాటలన్నీ ఆవిడే మాట్లాడేది, నా వంతు కూడా కలిపి. ఇప్పుడు నా మాటలు నా దగ్గరే మిగిలిపోతున్నాయి. అందుకే ఈ పుస్తకం.

ఇంట్లో నేనూ దొరసానీ. దొరసాని మా మేక. మెడ ఎత్తి, నన్ను జీతానికి పెట్టుకున్నట్టు చూస్తుంది. పొద్దున నా తువ్వాలు అంచు తినేసింది.

జూన్ 4

కొత్త పని దొరికిన సంగతి రాయలేదు కదూ.

పక్కింటి దర్జీ పిల్లికి చెవిలో పుండు పడింది. అతను కొట్టు వదిలి రాలేనంటే, సంచిలో వేసుకుని పశువైద్య కళాశాలకి నేనే తీసుకెళ్ళాను. అక్కడ పెద్ద డాక్టరమ్మ, అంటే పిల్లలకి పాఠాలు చెప్పే ఆవిడ, ప్రశ్నలు మొదలుపెట్టింది.

"ఏమైందండీ?"

"చెవి."

"ఎప్పట్నించి?"

"కొన్నాళ్ళు."

"ఏం తింటోంది?"

"పెట్టింది."

ఆవిడ కలం కింద పెట్టేసింది. పిల్లిని వదిలి నన్ను చూడటం మొదలుపెట్టింది. "మీలాంటి మనిషి కోసమే వెతుకుతున్నానండీ" అంది.

విషయం ఏంటంటే, గొడ్డు మాట్లాడదు. దానికేమైందో దాని వెంట వచ్చిన మనిషిని అడిగి రాబట్టుకోవాలి. అలా అడగడం కూడా ఒక చదువేనట. దానికో గది, పరీక్ష అన్నీ ఉన్నాయి. ఆ గదిలో ఉత్తుత్తి రైతుగా ఒకరు కూర్చోవాలి. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి ప్రశ్నలు అడగాలి. ఇదివరకు ఓ నాటకాలాయన్ని పెట్టారట. పిల్లలు తలుపు వేసేలోపే ఆయన మొత్తం కథ చెప్పేసి, చివర్లో కళ్ళనీళ్ళు కూడా పెట్టుకునేవాడట.

"మీరు నోరు విప్పరు. మా పిల్లలకి కావలసింది అదే" అంది డాక్టరమ్మ.

నా జన్మలో ఈ గుణాన్ని మెచ్చుకున్న మొదటి మనిషి ఆవిడే.

జూన్ 6

గది చూపించారు. బల్ల, రెండు కుర్చీలు, చేతులు కడుక్కునే తొట్టి. ఒక గోడ నిండా అద్దం. ఇవతలనుంచి చూస్తే అద్దం, అవతలనుంచి చూస్తే కిటికీ. డాక్టరమ్మ అవతల కూర్చుంటుంది. బల్ల పక్కన గుడ్డతో కుట్టిన మేక, ఒక కన్ను ఊడిపోయింది. మెడలో తాడుంటే, అలవాటుకొద్దీ బల్లకాలికి కట్టేశాను. అందరూ నవ్వారు. ఎందుకు నవ్వారో తర్వాత అర్థమైంది. మళ్ళీ విప్పితే ఇంకా నవ్వుతారని అలాగే ఉంచాను.

నియమాలు చెప్పారు. అడిగితేనే చెప్పాలి. అడిగితే అబద్ధం చెప్పకూడదు. కాగితంలో లేనిది అడిగితే నా సొంత సంగతుల్లోంచి నిజమే చెప్పాలి, అప్పుడే నాటకంలా ఉండదట.

మొదటిది నాకు పుట్టుకతో వచ్చిందే.

తర్వాత కాగితం ఇచ్చారు. అందులో నేనెవరో రాసి ఉంది. నాకో మేక ఉంది. చూలు మేక. నెలలు నిండకుండానే పిల్లను పడేసింది. మాయ రాకపోతే నేనే ఉత్త చేతుల్తో లాగాను. దాని పాలు కాచకుండా తాగుతాను. సాయంత్రాలు నాకు జ్వరం, చెమటలు, నడుంనొప్పి. కొన్నాళ్ళు తగ్గి మళ్ళీ వస్తుంది.

ఇంకోసారి చదివాను. ఎవరో మా గోడ మీంచి తొంగిచూసి రాసినట్టుంది.

కాకపోతే దొరసాని సంగతి వేరు. అది గోడ దూకింది. గోడ దూకబట్టే చలికాలంలో పిల్లను పడేసింది.

జూన్ 7

నడుంనొప్పి. ఆ గదిలో కుర్చీ మంచిది కాదు.

జూన్ 10

ఇవాళ మొదలైంది. మొదట వచ్చిన అబ్బాయిని తోటిపిల్లలు లౌడ్‌స్పీకర్ అంటారు. కూర్చుంటూనే అందుకున్నాడు.

"నమస్కారం తాతగారూ! మేకకి ఏమైంది, దాణా మార్చారా, టీకాలు వేయించారా, నీళ్ళు ఎక్కడివి, మంద పెద్దదా చిన్నదా?"

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక "అవును" అన్నాను.

"చాలా మంచిది! అలాగే చూసుకోండి!" అని ఏవో మందుల పేర్లు గడగడా చదివేసి, నాకు చెయ్యి కలిపి వెళ్ళిపోయాడు. మేక పిల్లను పడేసిందని అతనికి తెలియనే తెలియదు.

ఐదారుగురు వచ్చారు. ఒకమ్మాయి మాత్రం ఓపిగ్గా అడిగి జ్వరం దాకా వచ్చింది. "సాయంత్రాలు వస్తుంది" అన్నాను. అప్పటికే పొద్దు వాలింది. నాకు చెమట కారుతోంది.

తర్వాత డాక్టరమ్మ లోపలికి వచ్చి చప్పట్లు కొట్టింది. "ఏం నటించారండీ! చెమట కూడా పట్టించేశారు. ఎలా చేశారు?"

"వచ్చింది" అన్నాను.

పిల్లలందరూ ఓ అని అరిచారు. నన్ను మెచ్చుకుంటుంటే ఎక్కడ చూడాలో తెలియక గుడ్డ మేకనే చూస్తూ నిలబడ్డాను.

ఇంటికొచ్చాక రెండు దుప్పట్లు కప్పుకున్నాను. ఎండలో నడిచాను కదా.

జూన్ 11

మా ఆవిడ ఫోను.

"ఏమండీ, తిన్నారా?"

"ఊ."

"ఒంట్లో బాగుందా?"

"ఊ."

"ఆ ఊ ఏంటి, ఫోనులో ఈగ దూరినట్టు! బాగున్నారా లేదా?"

"బాగున్నాను."

జూన్ 13

ఇవాళ ఒక వింత. వచ్చిన అమ్మాయిని పిల్లలు సైలెంటు అంటారు. లోపలికొచ్చి, నమస్కారం పెట్టి, కూర్చుంది. నేనూ నమస్కారం పెట్టాను. ఆ పిల్ల బల్లని చూసింది. నేను తొట్టిని చూశాను. ఏదో అడగబోయి ఆగింది. నాకు జాలేసింది గానీ, అడిగితేనే చెప్పాలి కదా. గంట మోగేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం. నిజం చెప్పాలంటే హాయిగానే ఉంది.

డాక్టరమ్మ తల పట్టుకుంది. "మీ ఇద్దర్నీ ఒక గదిలో పెట్టి తాళం వేస్తే గోడలైనా మాట్లాడతాయి గానీ మీరు మాట్లాడరు!"

ఆ పిల్ల వైద్యంలో అందరికన్నా ముందుందట. కుట్లు వేస్తే దర్జీ కూడా దండం పెట్టాలట. కానీ మనుషుల్ని అడగలేదు. ఈ ఒక్క పరీక్ష పోయినేడూ పోయింది. ఈసారీ పోతే కోర్సులోంచి పంపించేస్తారట.

తర్వాత డాక్టరమ్మ అందరికీ పాఠం చెప్పింది. నేను మూల కుర్చీలో కూర్చున్నాను.

"మీరు ఒక్క మేకకే డాక్టర్లు కారు. మేక తాడు ఒక మనిషి చేతిలో ఉంటుంది. ఆ మనిషి వెనక ఒక ఇల్లుంటుంది. ఆ పాలు ఎవరు తాగుతున్నారు? కడుపుతో ఉన్నవాళ్ళున్నారా, పాలిచ్చే తల్లులున్నారా, పసివాళ్ళున్నారా? మీరు అడగకపోతే ఆయన చెప్పడు. చెప్పాలని ఆయనకి తెలియదు."

ఎవరో అడిగారు. "ఆ మేకకి బ్రూసెల్లా అని తేలితే ఏం చేయాలి మేడమ్?" బ్రూసెల్లా అంటే మేకల చేత పిల్లల్ని పడేయించే జబ్బట, పచ్చిపాల వల్ల మనుషులకీ అంటుకుంటుందట.

"ఉంచుకోకూడదు. అమ్మనూ కూడదు, అమ్మితే జబ్బుని పక్కింటికి పంపినట్టే. బాధ లేకుండా పడుకోబెట్టేయాలి."

అది ఆ కాగితంలో మేక సంగతి.

సాయంత్రం దొరసాని నా చొక్కా చెయ్యి నమిలింది. నమలనిచ్చాను.

జూన్ 14

అది గోడ దూకింది.

జూన్ 17

భోజనాల వేళ కుళాయి పక్క బెంచీ మీద కూర్చుంటే సైలెంటు వచ్చింది. బెంచీకి ఆ చివర కూర్చుంది. చాలాసేపటికి అంది.

"తాతా, మిమ్మల్ని రోజుకో ప్రశ్న అడగనా?"

"ఎందుకమ్మా?"

"అలవాటవ్వాలి. మిమ్మల్ని చూస్తే భయం తక్కువేస్తుంది."

"అడుగు."

ఆలోచించింది. బాగా ఆలోచించింది. చివరికి "టీ తాగారా?" అంది.

"తాగాను."

"అమ్మయ్య" అని లేచి వెళ్ళిపోయింది.

జూన్ 18

ఇవాళ్టి ప్రశ్న: మీకు పిల్లలెంతమంది? ఒక్కతే కూతురు. అది అడిగాక ఇంకోటి కూడా అడిగింది, రేపటి బాకీలోంచి. ఏం చేస్తుంది? కాన్పుకి సిద్ధంగా ఉంది. ఆ పిల్ల నవ్వింది. పళ్ళ మధ్య సందు ఉంది.

జూన్ 20

మనవరాలు పుట్టింది! తల నిండా జుట్టట. ఏడిస్తే వీధి చివరి దాకా వినపడుతోందట. ఎవరి పోలికో నేను అనను.

అమ్మాయి కూడా మాట్లాడింది. నీరసంగా ఉంది గానీ గొంతులో నవ్వు ఉంది. "నాన్నా, నెలాఖరుకి వచ్చేస్తున్నాం. కొన్నాళ్ళు అక్కడే. నా గ్లాసు కడిగి ఉంచు. దొరసాని పాలు, నురగతో కావాలి. పొదుగు దగ్గరే నిలబడి తాగుతా, చిన్నప్పట్లాగా."

చిన్నప్పుడు మాకొక మేక ఉండేది. పొద్దున్నే అమ్మాయి గ్లాసు పట్టుకుని నా పక్కన నిలబడేది. పాలు పితికి నేరుగా అందులోకి పోస్తే, నురగ మీసాలతో ఇంట్లోకి పరిగెత్తేది. వాళ్ళమ్మ తిట్టేది, కాచకుండా ఆ పచ్చిపాలేంటని. నాకూ దానికీ అదే సరదా.

గ్లాసు వెతికి కడిగాను.

జూన్ 21

పాలు కాచి ఇస్తే సరిపోతుంది. కాచితే పోతుందని డాక్టరమ్మే చెప్పింది. నేను తాగేవి కూడా రేపట్నించి కాస్తాను.

దొరసాని కొట్టం గుమ్మం పక్కనే ఉంది. పిల్ల పాకడానికి ఇంకా నెలలు పడుతుంది.

జూన్ 22

మరిచిపోయాను. పితికిన చోటే తాగేశాను. అలవాటు.

జూన్ 24

ఇవాళ్టి ప్రశ్న: ఎండలో శాలువా ఎందుకు కప్పుకున్నారు?

బెంచీ దగ్గర నాటకం నియమాలు వర్తిస్తాయో లేదో ఎవరూ చెప్పలేదు. "గాలి" అన్నాను. గాలి లేదు. చెట్టు ఆకు కూడా కదలడం లేదు. ఇద్దరం ఆ ఆకుల్నే చూశాం.

జూన్ 25

బెంచీ దగ్గరికి వెళ్ళలేదు. పని ఉంది.

పనేం లేదు.

జూన్ 26

రేపు పరీక్ష. వేరే కళాశాలనుంచి ఒకాయన వచ్చి డాక్టరమ్మతో పాటు అద్దం వెనక కూర్చుంటాడట. మా ఆవిడా అమ్మాయీ ఆదివారం వస్తున్నారు. కొట్టం ఊడ్చాను. దొరసాని చీపురు తింది.

జూన్ 27

ఇవాళ్టి సంగతి ఇవాళే రాసేయాలి.

పొద్దున్నుంచీ వచ్చినవాళ్ళు వచ్చారు, పోయినవాళ్ళు పోయారు. లౌడ్‌స్పీకర్ ఈసారి ఒక్కో ప్రశ్నే అడిగాడు, జవాబు విన్నాడు కూడా. అడిగిన ప్రతిసారీ పెదాలు బిగబట్టి కూర్చోవడం చూస్తే పాపం అనిపించింది. మధ్యాహ్నం భోజనాలకి ముందు సైలెంటు వచ్చింది.

నమస్కారం పెట్టింది. కూర్చుంది. బల్లని చూసింది. ఇంతేనా అనుకున్నాను. అప్పుడు గుడ్డ మేకను చూసి, తాడు విప్పి, దాన్ని ఒళ్ళోకి తీసుకుంది. మేక తల నిమురుతూ అడగడం మొదలుపెట్టింది. నన్ను కాకుండా మేకను చూస్తూ అడిగితే ఆ పిల్లకి మాట వస్తోంది. ఏమైంది తాతా? పిల్లను పడేసింది. మాయ పడిందా? నేను తీశాను. చేతులకి ఏమైనా తొడుక్కున్నారా? లేదు. పాలు ఎలా తాగుతారు? పచ్చివే. ఒక్కో ప్రశ్నకీ నడుమ ఊపిరి పీల్చుకుంటోంది, నీళ్ళలోంచి తల ఎత్తినట్టు.

"మీకు జ్వరం వస్తుందా?"

"సాయంత్రాలు."

నాకు తెలిసి అక్కడితో మార్కులన్నీ వచ్చేసినట్టే. లేచి వెళ్ళిపోవచ్చు. ఆ పిల్ల లేవలేదు. మేకను బల్ల మీద పెట్టి మొదటిసారి నన్ను చూసింది.

"ఇప్పుడుందా?"

కాగితంలో మధ్యాహ్నం గురించి లేదు. లేనిది అడిగితే నిజమే చెప్పాలి.

"ఉంది."

చెయ్యి చాచి నా నుదుటి మీద పెట్టింది. అద్దం మీద టకటకమని చప్పుడైంది. మనుషుల్ని ముట్టుకోకూడదు, డాక్టరు దగ్గరికి పంపాలి, అది పిల్లలందరికీ తెలిసిన నియమం. ఆ పిల్ల చెయ్యి తీయలేదు. చల్లగా ఉంది.

"తాతా, ఇది కాగితంలోది కాదు కదా?"

నేను శాలువా దగ్గరికి లాక్కున్నాను.

"మీ ఇంట్లో మేక ఉందా?"

గంట మోగింది. టైమయిపోయింది. గంట మోగాక జవాబు చెప్పక్కర్లేదు. నాకా వెసులుబాటు ఉంది. ఆ సంగతి ఆ పిల్లకీ తెలుసు. అయినా అలాగే కూర్చుంది. ఈసారి నేను బల్లని చూశాను, ఆ పిల్ల నన్ను చూసింది. అద్దంలో ఓ ముసలాడు కనిపించాడు. శాలువా కప్పుకుని ఉన్నాడు. మా అమ్మాయి గ్లాసు పట్టుకుని నా పక్కన నిలబడటం గుర్తొచ్చింది, నురగ మీసాలతో.

"ఉంది" అన్నాను.

"దాని పేరేంటి?"

"దొరసాని. అది గోడ దూకి పిల్లను పడేయలేదమ్మా. మా గోడ నా మోకాలంత కూడా లేదు. అది రోజూ దూకేదే."

ఇన్ని మాటలు ఒక్కసారి నేనెప్పుడూ మాట్లాడలేదు.

డాక్టరమ్మ తలుపు తోసుకుని వచ్చింది. ఆవిడ మొహం ఎర్రగా ఉంది. ఆ పిల్లని తిడుతుందనుకున్నాను. నా ఎదురుగా కుర్చీలో కూలబడి అంది. "ఇన్నాళ్ళూ ఆ అద్దం వెనక కూర్చుని మీ జ్వరానికి చప్పట్లు కొట్టానండీ నేను."

"బాగా కొట్టారమ్మా" అన్నాను. ఓదార్చడానికే అన్నాను. ఆవిడ నవ్విందో ఏడ్చిందో, రెండూ చేసింది.

జూన్ 28

పొద్దున్న మనుషుల ఆస్పత్రిలో నెత్తురు తీశారు. మధ్యాహ్నం డాక్టరమ్మా సైలెంటూ మా ఇంటికొచ్చి దొరసాని నెత్తురు తీశారు. చేతికి తొడుగులు, కాళ్ళకి బూట్లు, మొహానికి గుడ్డ. దొరసాని వాళ్ళ అవతారం చూసి ఒక అడుగు వెనక్కి వేసి, ఒక తొడుగు లాక్కుంది. సగం వెనక్కి రాబట్టగలిగారు.

సైలెంటు పరీక్ష సంగతి అడిగాను. టైము దాటినందుకు, మనిషిని ముట్టుకున్నందుకు మార్కులు కోశారట. మిగిలిన వాటితో బొటాబొటీగా గట్టెక్కిందట. వేరే కళాశాల ఆయన కాగితం మీద ఏదో రాసి కొట్టేసి మళ్ళీ రాశాడట, ఏం రాశాడో ఎవరికీ చూపించలేదట.

"ముట్టుకున్నందుకు కోయకపోతే బాగుండేది" అన్నాను.

"కోయాలి తాతా. లేకపోతే మళ్ళీ ఇంకొకరిని ముట్టుకుంటా" అంది. ఆ పిల్లకి మాటలు వచ్చేశాయి.

జూన్ 29

ఇద్దరికీ ఉంది. నాకూ దొరసానికీ.

నాకు మాత్రలు. వారాల తరబడి వేసుకోవాలి, మధ్యలో ఆపకూడదు. ఒక మాత్ర వేసుకుంటే మూత్రం నారింజ రంగులో వస్తుందని ముందే చెప్పారు. చెప్పకపోతే రేపు పొద్దున్నే దర్జీని నిద్రలేపేవాణ్ణి.

దొరసానికి మాత్రలు లేవు.

మా ఆవిడకి ఫోను చేశాను. నేనే చేయడం ఇదే మొదటిసారి అనుకుంటా. ఆవిడ భయపడిపోయింది. "ఏమైందండీ?"

"ఒక రెండు రోజులాగి రండి. మంగళవారం."

"ఎందుకు?"

"కొట్టానికి సున్నం వేయాలి."

"ఆ మేకకి అంత వైభోగం అవసరమా?" అంది. "ఒంట్లో బాగుందా?"

ఆవిడ నుదురు ముట్టుకుని అడగలేదు కాబట్టి "ఊ" అన్నాను.

జూన్ 30

పొద్దున దొరసానిని నేనే నడిపించుకుని వెళ్ళాను. బండి పంపుతామన్నారు, వద్దన్నాను. దారిలో దర్జీ గుమ్మానికి ఆరేసిన గుడ్డ ముక్క ఒకటి తింది. దర్జీ చూసి కూడా చూడనట్టు లోపలికి వెళ్ళాడు.

కళాశాల వెనక షెడ్డు. డాక్టరమ్మ సూది పట్టుకుంది. సైలెంటు తొడుగులేసుకుని దొరసాని మెడ కింద చెయ్యి పెట్టి కూర్చుంది. కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టింది. "ఏంటమ్మా, అలా చూస్తావేం? మేం నీ పనివాళ్ళమా? అవునులే, పనివాళ్ళమే. ఈ చెవి ఎవరు కొరికారు? ఆ మచ్చ ఎప్పుడు పడింది? చీపురు బాగుందా, తువ్వాలు బాగుందా?" ఆపలేదు. మనిషి దగ్గర నోరు పెగలని ఆ పిల్ల అన్ని మాటలు ఎక్కడ దాచుకుందో. దొరసాని చెవులు ఆ గొంతు వైపే పెట్టి వింది. తల దించలేదు. పెద్దమనిషిలా నిద్రపోయింది.

ఆ పిల్ల ఇంకాసేపు మాట్లాడుతూనే ఉంది.

నేను తాడు చుట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను. దాన్నీ కాల్చేయాలన్నారు. కాల్చేశాను.

జూలై 1

లౌడ్‌స్పీకర్, సైలెంటు, ఇంకొందరు పిల్లలు వచ్చి కొట్టం కడిగి సున్నం వేశారు. గడ్డి తగలబెట్టారు. లౌడ్‌స్పీకర్ పనికన్నా మాటలు ఎక్కువ చేశాడు. పోయేటప్పుడు, మళ్ళీ మేకను పెంచాలంటే ఎప్పుడు, ఎక్కడ కొనాలో, కొనేముందు ఏ పరీక్ష చేయించాలో అడక్కుండానే మొత్తం చెప్పేశాడు. ఈసారి పనికొచ్చే మాటలే.

డాక్టరమ్మ కొత్త కాగితం పంపింది. వచ్చే వారం నుంచి నన్ను కుక్క కరిచింది. మా ఇంట్లో కుక్క లేదు, నన్ను ఏ కుక్కా కరవలేదు. అన్నీ హాయిగా అబద్ధాలే.

సాయంత్రం వంటింట్లో ఒక సంగతి కనిపెట్టాను. అది తర్వాత రాస్తాను.

జూలై 2

వచ్చారు. మనవరాలి జుట్టు నిజమే. గొంతు కూడా నిజమే.

అమ్మాయి దిగుతూనే కొట్టం దగ్గరికి వెళ్ళింది. తెల్లగా, ఖాళీగా ఉంది. "నాన్నా, దొరసాని ఏది?" అంది. నేను వాళ్ళ సంచీ అందుకున్నాను. మా ఆవిడ నన్ను కింద నుంచి పైదాకా చూసింది. చూసి, "ముందు కాళ్ళు కడుక్కోవే, తర్వాత అడుగుదువు గానీ" అని దాన్ని లోపలికి తీసుకెళ్ళింది. అన్నం దగ్గర కూడా ఏమీ అడగలేదు. ఇంత సేపు ఆవిడ అడగకుండా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. నా మాత్రల డబ్బా చూసే ఉంటుంది.

చెప్పాలి. నోటితో నా వల్ల కాదు. కాబట్టి ఈ పేజీ నీకు. ఈ పుస్తకం నీ కళ్ళజోడు కింద పెడుతున్నాను. మొదటినుంచీ చదువు. నువ్వు ఫోనులో అడిగిన ప్రతిసారీ నేనేం చెప్పానో, నిజం ఏంటో రెండూ ఇందులో ఉన్నాయి. ఆ పచ్చిపాల సంగతి నువ్వు ఎన్నేళ్ళు మొత్తుకున్నావో కూడా నాకు గుర్తుంది. రేపు నువ్వూ ఆస్పత్రికి వచ్చి నెత్తురు ఇవ్వాలి. నువ్వు కాచే తాగుతావు గనక ఏమీ ఉండదంటున్నారు, అయినా చూపించుకోవాలి. సూది చిన్నదే. నేనొస్తాను తోడు.

నిన్న కనిపెట్టిన సంగతి ఇది. కొన్న పాలు బాగా కాచి, కొంచెం చల్లార్చి, రెండు గ్లాసుల మధ్య ఎత్తునుంచి పోస్తూ ఉంటే నురగ వస్తుంది. ఎంత ఎత్తునుంచి పోస్తే అంత నురగ. మొదట చొక్కా మీద, తర్వాత నేల మీద, చివరికి గ్లాసులో పడ్డాయి. అమ్మాయి గ్లాసులోనే. పొదుగు దగ్గరి నురగంత మెత్తగా ఉండదు గానీ మీసాలు మాత్రం వస్తాయి, నాకు వచ్చాయి.

అమ్మాయి నిద్రలేచేసరికి ఇస్తాను. దొరసాని సంగతి అప్పుడే చెబుదామా, ఆగుదామా, నువ్వే చెప్పాలి. ఈ పేజీ కింద సగం ఖాళీ వదిలాను. నీ రాత నాకన్నా బాగుంటుంది. తిట్టినా సరే, జవాబు మాత్రం రాయి. తొందరగా రాయి, నేను వంటింట్లోనే ఉన్నాను. పొయ్యి మీద పాలున్నాయి.